రెండేళ్లకే కారు బ్యాటరీ మొరాయిస్తోంది, పొరపాటు ఎక్కడ?

కృష్ణాతీరం:
విజయవాడలో ఉంటాం. మా పెట్రోలు కారు వారంలో ఆరు రోజులు అపార్ట్‌మెంటు ఆవరణలో ఎండకు నిలబడే ఉంటుంది. బ్యాటరీ దిగిపోకూడదని రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఆపేస్తున్నాను. అయినా రెండేళ్లు నిండకుండానే రెండో బ్యాటరీ కూడా మొరాయిస్తోంది. నిన్న తాళం తిప్పితే టక్‌టక్‌మన్న శబ్దం తప్ప ఇంకేమీ లేదు. కొత్తది కొనే ముందు ఏం చూసుకోవాలి?

పాత మెకానిక్:
ఆ ఐదు నిమిషాల్లో స్టార్టర్ మోటారు లాగిన కరెంటు తిరిగి చేరుతుందేమో గాని, బండి నిలబడి ఉన్నప్పుడు పడిన లోటు తీరదు. ఇలా అరకొర ఛార్జితోనే రోజులు గడిస్తే సీసపు పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడి, ఆ తరువాత ఎంత ఛార్జి చేసినా బ్యాటరీ పూర్తిగా కోలుకోదు. దీనికి తోడు మీ ఊరి ఎండ! బ్యాటరీ ఆయుష్షును చలికన్నా వేడే ఎక్కువగా తినేస్తుంది. నీడ చూసుకొని నిలపండి, వారానికి ఒకటి రెండుసార్లు అరగంటకు తగ్గకుండా రోడ్డు మీద నడపండి.

గోదారిగట్టు:
కొనడం తరువాత, ముందు మల్టీమీటరు పెట్టి చూడండి. రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులకు అటూ ఇటూగా, ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 14 వోల్టులు చూపాలి. బండి ఆపి ఉన్నా ఏదో ఒకటి కరెంటు తాగుతూనే ఉంటుంది. 50 మిల్లీఆంపియర్ల చొప్పున పోయినా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, అంటే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఇరవై రోజులకు 24 ఖర్చయిపోతాయి. తరువాత బిగించిన డాష్‌క్యామ్ (ముందు అద్దం దగ్గర పెట్టే కెమెరా) వంటిదేమైనా ఉందా?

కృష్ణాతీరం:
ఉందండీ! బండి ఆపినా దాని చిన్న దీపం వెలుగుతూనే ఉంది, ఇన్నాళ్లూ గమనించలేదు. ఈ ఉదయం బ్యాటరీ 12.1 చూపింది. పక్కింటివారి బండి బ్యాటరీకి వైర్లు కలిపి జంప్ ఇచ్చి ఇంజను ఆన్ చేస్తే 14.1 వచ్చింది. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి కూడా పేరుకుంది.

పాత మెకానిక్:
14.1 వచ్చిందంటే, ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరును అనుమానించనక్కరలేదు. డాష్‌క్యామ్ వైరును తాళంచెవి బయటికి తీయగానే కరెంటు ఆగిపోయే ఫ్యూజుకు మార్పించి, బ్యాటరీని బయట ఛార్జరుతో రాత్రంతా నిండా ఛార్జి చేయించి, లోడ్ టెస్టు (ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీ తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) పెట్టించండి. అందులో నిలబడితే కొత్తది అక్కరలేదు. పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో బ్రష్షు పెట్టి కడిగి, ఆరాక వాజలైను పూయండి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. లేకపోతే స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. మూతలున్న రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి, మంచినీళ్ల బాటిలు వంచకండి.