చర్చ: బాస్ రెండో రౌండ్‌కే చచ్చాడు, గుర్తుండిపోయే ఫైట్‌లు మీరెలా పెడుతున్నారు?

బెజవాడ_డీఎం:
మొన్న ఆదివారం మొగల్రాజపురంలో ఫ్రెండ్ వాళ్ల డాబా మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ సెషన్ పెట్టాం, తలా ఒక పాత్ర తీసుకుని డైస్ వేస్తూ ఆడే కథల ఆట, కథ నడిపే డీఎం నేను. మూడు నెలల నుంచి ఊరిస్తూ వచ్చిన మంత్రగాడు విలన్, వంద హెచ్‌పీ (అంటే ప్రాణం, సున్నా అయితే చచ్చినట్టే), ఎంట్రీకి డైలాగ్ కూడా రాసుకున్నా. మా క్లెరిక్ (పూజారి పాత్ర) గాడు మొదటి టర్న్‌లోనే హోల్డ్ పర్సన్ అని మనిషిని కదలకుండా బిగించే మంత్రం వేశాడు, నేను దాన్ని తప్పించుకోడానికి సేవ్ అని ఇరవై ముఖాల డైస్ వేస్తే నాలుగే పడింది. ఇంకేముంది, బిగుసుకుపోయినోణ్ని పక్కన నిలబడి కొడితే తగిలిన ప్రతి దెబ్బా క్రిటికలే కదా, అంటే డ్యామేజ్ డైస్ రెట్టింపు, రోగ్ (దొంగ పాత్ర) ఒకటి, పాలడిన్ (కత్తి వీరుడు) రెండు, వాడి టర్న్‌లో ఇంకో సేవ్ వేస్తే అదీ పోయింది, రెండో రౌండ్ సగంలో వాడూ పోయాడు. డైలాగ్ నా కాగితం మీదే ఉండిపోయింది. వాళ్లు చప్పట్లు కొట్టి బజ్జీల మీద పడ్డారు, నేను భోజనాలకి ఎవరూ రాని పెళ్లిలో వంటవాడిలా కూర్చున్నా. తమాషా ఏంటంటే ఇదే క్యాంపెయిన్‌లో వంతెన మీద మామూలు గోబ్లిన్లతో (చిన్న సైజు రాక్షసులు) పెట్టిన ఫైట్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు, దానికి నేను పావుగంట కూడా ప్రిపేర్ అవలా. ఎక్కడ తేడా కొడుతోందంటారు?

బ్రాడీపేట_గోబ్లిన్:
ఒంటరి బాస్ పెట్టావు, అదే బాబాయ్. వాళ్లు నలుగురు నాలుగుసార్లు కొడతారు, వీడికి రౌండ్‌కి ఒక్క టర్న్. 2014 రూల్స్‌లో పెద్ద డ్రాగన్లకి లెజెండరీ యాక్షన్లు ఇచ్చింది ఇందుకే, వేరేవాళ్ల టర్న్ అవగానే వాడుకోవచ్చు, రౌండ్‌కి మూడు. సేవ్ పోయినా పాసయినట్టు లెక్కేసుకునే లెజెండరీ రెసిస్టెన్స్ కూడా రోజుకి మూడు. అవి తెచ్చి మీ మంత్రగాడికి తగిలించు, పక్కన నలుగురు చెంచాగాళ్లని పెట్టు. పాత 4వ ఎడిషన్‌లో మినియన్లు అని ఉండేవాళ్లు, ఒక్కటే హెచ్‌పీ, తగిలితే చావడమే, లెక్కల గోల లేదు. నేనిప్పటికీ అదే వాడుతున్నా.

సింగ్‌నగర్_క్లెరిక్:
గోబ్లిన్ తమ్ముడు చెప్పింది తప్పని కాదు కానీ దానివల్ల ఫైట్ రెండు రౌండ్ల బదులు ఐదు రౌండ్లు నడుస్తుంది, అంతే. గుర్తుంటుందని గ్యారంటీ ఏంటి? మీ వంతెన ఫైట్‌లో ఏం జరిగిందో చెప్పలేదు, కింద పడతామన్న భయం ఉండుంటుంది, అవునా?

నాది చెప్తా. మన ప్రకాశం బ్యారేజీ లాంటిదే ఒకటి పెట్టా, అసలు బ్యారేజీకి 70 గేట్లు గానీ నా మ్యాప్‌లో ఎనిమిదే. పైన ఓర్క్‌లు (రాక్షస సైన్యం) వస్తూనే ఉంటారు, ఎంతమందిని చంపినా ఇంకా వస్తారు, అది ముందే చెప్పేశా. పని ఏంటంటే రెండు చక్రాలు తిప్పి గేట్లు దించాలి, ఒక్కో చక్రం దగ్గర ఒకళ్లు మూడు టర్న్‌లు కదలకుండా ఉండాలి. 2024 వరదలో పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లని గుద్దుకున్నాయి కదా, అది పెట్టా, ప్రతి మూడో రౌండ్ ఇనిషియేటివ్ (ఎవరి టర్న్ ఎప్పుడో చెప్పే వరస) 20 దగ్గర ఒక పడవ వచ్చి గుద్దుద్ది, అందరూ డెక్స్‌టెరిటీ (చురుకుదనం) సేవ్, పోతే బోర్లా పడటమే. ఎప్పుడూ "నేను కొడతా నేను కొడతా" అనే మా పాలడిన్ మూడు రౌండ్లు కత్తి తీయకుండా చక్రం పట్టుకుని దెబ్బలు తింటూ నిలబడ్డాడు. ఆ సెషన్‌లో వాడు ఎవర్నీ చంపలా, ఏడాది నుంచీ మాత్రం అదే చెప్పుకుంటున్నాడు.

వరద పెట్టేముందు టేబుల్‌లో అందర్నీ అడిగా, ఇద్దరి ఇళ్లు ఆ సెప్టెంబర్‌లో మునిగాయి. మీరూ అడగండి ఇలాంటివాటికి.

బెజవాడ_డీఎం:
అవునక్కా, వంతెన పలకలు ఊడిపోతూ ఉండేవి. రౌండ్‌కి రెండు. ఊరికే అప్పటికప్పుడు అనేశా.

మిర్చియార్డ్_డీ20:
నాది కొంచెం పెద్ద కథ, టైముంటే చదవండి. నేను పెరిగింది గుంటూరులో, నాన్నతో మిర్చి యార్డుకి పోయేవాణ్ని, టిక్కీలు (మిర్చి బస్తాలు) వరసగా పేర్చి ఉంటే ఆ సందుల్లో నడవడమే ఒక డంజన్ లాగుంటది. అదే మ్యాప్ చేశా. పెద్ద గోడౌన్, ఇరవై అడుగుల ఎత్తున టిక్కీల గుట్టలు, పైన ఎనిమిది మంది గోబ్లిన్లు, ఒకడి చంకలో చిట్టా పుస్తకం, అది కాలకుండా తేవాలి. లోపలికి పోయాక మా విజార్డ్ (మంత్రాలేసే పాత్ర) ఏమాత్రం ఆలోచించకుండా ఫైర్‌బాల్, అంటే పేలే నిప్పు ముద్ద వేశాడు. గోబ్లిన్‌కి ఉండేది ఏడు హెచ్‌పీ, ఫైర్‌బాల్‌కి ఎనిమిది డైస్, ఏడుగురు బూడిద. వాడు కుర్చీలో వెనక్కి వాలి మీసం తిప్పుతున్నాడు. నేను మెల్లగా "ఇప్పుడు మిర్చి అంటుకుంది" అన్నా.

పొగ ప్రతి రౌండ్ పది అడుగులు పాకుతుంది, అందులో టర్న్ మొదలెట్టినోడు కాన్స్‌టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవ్, 12 రావాలి, పోతే దగ్గడం తప్ప యాక్షన్ లేదు. రూల్ బుక్‌లో లేదిది, నా సొంతం. ఎవరైనా తడిగుడ్డ మూతికి కట్టుకుంటే అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) అని మనసులో అనుకున్నా, బయటికి చెప్పలా, వాళ్లే కనిపెట్టాలి. ఫైటర్ అడిగాడు, హమాలీల మంచినీళ్ల కుండ ఎక్కడుంటదని. నేను కుండ గీయనేలేదు మ్యాప్‌లో, అయినా తలుపు పక్కన ఉందన్నా, ఎందుకుండదు, గోడౌన్ అన్నాక. కండువా ముంచి కట్టుకుని పొగలోకి పోయాడు. మిగిలిన ఒక్క గోబ్లిన్ చిట్టా పట్టుకుని గుట్ట మీద కూర్చుని దగ్గుతున్నాడు, వాడినీ చంపకుండా భుజాన వేసుకొచ్చాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లో అమ్మ ఎండుమిర్చి తాలింపు వేసింది, టేబుల్ చుట్టూ ఐదుగురికీ నిజంగానే దగ్గు. ఇంత ఎఫెక్ట్ నేను డబ్బులిచ్చినా రాదు.

డైస్_దొర:
మరీ అంత సెట్టింగ్ పెడితే మా టేబుల్‌లో ఒక్క ఫైట్‌కే రెండు గంటలవుతుంది, ఆరుగురం. సగంమంది ఫోన్ చూసుకుంటారు.

బ్రాడీపేట_గోబ్లిన్:
ఆఖరి గోబ్లిన్ దాకా చంపించకు మరి. 1981 డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ సెట్‌లో రాక్షసులకి మొరేల్ (ధైర్యం) నంబర్ ఉండేది, మొదటివాడు చచ్చినప్పుడు, సగంమంది పోయినప్పుడు రెండు ఆరుముఖాల డైస్ వేసేవాళ్లు, నంబర్ దాటితే పరారే. నేను అది తెచ్చి పెట్టాక ఫైట్ టైం సగానికి పడింది. పారిపోయినోడు తర్వాత సెషన్‌కి అన్నని తీసుకొస్తాడు, నాకు కథ కూడా ఫ్రీ. ఇంకోటి, "నెక్స్ట్ నువ్వు, తర్వాత నువ్వు" అని ఇద్దరి పేర్లు ముందే చెప్పు, ఫోన్లు వాటంతటవే కిందకి దిగుతాయి.

బెజవాడ_డీఎం:
సరే, ఆ మంత్రగాడికి ఒక చెల్లెల్ని పుట్టించా. ఈసారి కొండపల్లి కోటలాంటి చోట, ఆవిడ తంతు పూర్తయ్యేలోపు నాలుగు దీపాలు ఆర్పాలి, ఆవిడ్ని కొట్టినా కొట్టకపోయినా రౌండ్‌కి ఒక దీపం తిరిగి వెలుగుతుంది. హోల్డ్ పర్సన్ వేస్తే వేసుకోనీ, దీపాలు ఆగవుగా. చెంచాగాళ్లు కూడా ఉన్నారు గోబ్లిన్ తమ్ముడూ, నీ మాట తీసేయలా. మినీలు (మ్యాప్ మీద పెట్టే చిన్న బొమ్మలు) మాత్రం లేవు, సీసా మూతలతో నడిపిస్తున్నా.

సింగ్‌నగర్_క్లెరిక్:
కోట కొండపల్లి, మినీలు సీసా మూతలా? కొండపల్లి బొమ్మలు పెట్టండి. మా టేబుల్‌లో కల్లుగీత బొమ్మ ఉంది కదా, తాటిచెట్టుకి నిచ్చెన, దాన్ని ఎప్పుడు పెట్టినా రోగ్ ఎక్కి కూర్చుంటుంది, పని ఉన్నా లేకపోయినా. ఎడ్లబండి అయితే అందరికీ కవర్, దెబ్బ తగలకుండా చాటు. పొణికి చెక్క, తేలిక, పక్కనోళ్లకి మోచెయ్యి తగిలితే చాలు పడిపోతాయి, అదొక్కటే ఇబ్బంది.

బెజవాడ_డీఎం:
ఇంట్లో ఉన్నాయక్కా, అంబారీ ఏనుగు కూడా ఉంది, ఓగర్‌కి (భారీ రాక్షసుడు) సరిపోద్ది. కానీ అవన్నీ సంక్రాంతి బొమ్మల కొలువులోవి. అమ్మని అడిగితే "ఏనుగు చెవి విరిగితే నీ చెవి ఉండదు" అంది. చెంచాగాళ్లకి పెట్టుకునే బొమ్మల వరకు ఇచ్చింది.