అప్‌డేట్: మా అమ్మాయి ప్యాంటు, స్కూల్ బాత్రూం గడియలు

ఏడో తరగతి చదివే మా అమ్మాయిని స్కర్టు బదులు ప్యాంటు వేసుకోనివ్వడం లేదని, బాత్రూం తలుపులకు గడియల్లేవని ఇదివరకు అడిగాను కదా. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్.

ప్యాంటు గొడవ తేలిపోయింది. కేరళలోని వలయన్‌చిరంగర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో 2018లోనే ఆడా మగా అందరికీ చొక్కా, త్రీ ఫోర్త్ నిక్కరు పెట్టారని చెప్పాను. "2021లో కేరళలోనే బాలుస్సేరి స్కూల్లో ఆడపిల్లలకు ప్యాంట్లు తెస్తే నిరసనలు జరిగాయి కదండీ" అన్నారు ప్రిన్సిపాల్ మేడం. అందరికీ రుద్దొద్దు, ఇష్టమున్నవాళ్లను వేసుకోనివ్వండి చాలు అన్నాను. సరేనన్నారు. మా పిల్లకైతే జేబులొచ్చాయన్నదే పెద్ద సంబరం!

బాత్రూం దగ్గరే బాగా సాగదీశారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆడపిల్లలకు వేరే టాయిలెట్లు ఉండాలి, ఉన్నాయిగా అని కరస్పాండెంట్ గారి వాదన. ఉన్నాయి, కానీ ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి! పేరెంట్స్ మీటింగులో తల్లులంతా ఒక్కసారిగా లేచేసరికి గడియలు బిగించారు. అదీ ఎంత ఎత్తులోనంటే, మూడో తరగతి పిల్లలకు అందవు. కిందికి మార్చమని మళ్లీ అర్జీ పెట్టాం. నాప్కిన్లు వేయడానికి మూతున్న చెత్తబుట్ట కూడా అందులోనే అడిగాం.