మే నెలలో ఫస్ట్ టైమ్ వైజాగ్ పోతున్నం, కొత్తోళ్లు ఎక్కడ తప్పు చేస్తరు?

హన్మకొండ_వాసి:

అందరికి నమస్తే. మాది హన్మకొండ. మే మూడో వారంల ఇంటిల్లిపాది వైజాగ్ పోదామని అనుకుంటున్నం. అమ్మ, బాపు, నేను, మా ఆమె, ఇద్దరు పిల్లలు, పెద్దోనికి తొమ్మిదేండ్లు, చిన్నదానికి ఐదు. మా బాపు ఇప్పటిదాక సముద్రం చూడలే, అసలు ఆయన కోసమే ఈ ప్రయాణం.

ప్లాన్ ఏందంటే శనివారం రాత్రి రైలెక్కి ఆదివారం పొద్దుగాల్ల వైజాగ్‌ల దిగుడు, దిగంగనే అదే స్టేషన్ల అరకు రైలెక్కుడు, సాయంత్రానికి తిరిగొచ్చి ఆర్కే బీచ్‌ల సన్‌సెట్ చూసుడు. సోమవారం సబ్‌మెరైన్, జూ, కైలాసగిరి, నడుమ మధ్యాహ్నం రుషికొండల పిల్లల్ని నీళ్లల్ల ఆడిపిచ్చుడు. మంగళవారం సింహాచలం, యారాడ చూసుకొని రాత్రి రైలుకు వాపస్. రూము ఇంక బుక్ చెయ్యలే, రుషికొండ దిక్కు బీచ్ వ్యూ అని మంచిగ కనిపిస్తున్నయి.

వరంగల్ ఎండలు చూసినోళ్లం కాబట్టి వైజాగ్ ఎండ మాకు లెక్క గాదనుకుంటున్న. అక్కడోళ్లు ఎవరన్న ఉంటే ఇండ్ల ఏం తప్పులున్నయో మొహమాటం లేకుండ చెప్పున్రి.

ఎంవీపీ_అక్క:

తమ్ముడూ ప్లాన్ పెట్టి మంచి పని చేశావు, చాలామంది వచ్చాక అడుగుతారు. ఒక్కొక్కటే చెప్తాను.

ముందు ఆ సన్‌సెట్ సంగతి. మాది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. ఆర్కే బీచ్‌లో సాయంత్రం సముద్రం వైపు తిరిగి నుంచుంటే సూర్యుడు నీ వీపు వెనక ఉంటాడు. మీ నాన్నగారికి మొదటిసారి సముద్రం చూపించాలంటే పొద్దున్న చూపించు. మేలో ఐదున్నర లోపే పొద్దు పొడిచేస్తుంది, మీ ఊరికంటే ముందే అన్నమాట, అందుకని ఐదింటికల్లా ఇసుక మీద ఉండాలి. ఆ టైంలో వాకింగ్ చేసేవాళ్ల కోసం బీచ్ రోడ్డులో కొంతమేర బళ్లు కూడా రానివ్వరు, పెద్దాయన గాబరా లేకుండా నడవచ్చు. సాయంత్రం రావద్దని కాదు, గాలి బావుంటుంది, మురీ మిక్చరు, బజ్జీలు అన్నీ అప్పుడే, కానీ సెలవుల్లో జనం మామూలుగా ఉండరు, చిన్నపిల్ల చెయ్యి వదలకు.

రెండోది ఎండ. వరంగల్‌లో 43 చూసిన వాళ్లకి ఇక్కడ 36 అంటే చిన్నగానే కనిపిస్తుంది. కానీ అక్కడ పొడి వేడి, ఇక్కడ ఉక్కపోత. చెమట పడుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా సముద్రం గాలి తగులుతుంటే హాయిగానే ఉందనిపించి గంటలు గంటలు ఎండలో ఉండిపోతారు, సాయంత్రానికి తలనొప్పి, వాంతులు, పిల్లలు డీలా పడిపోవడం. మీలాగే తెలంగాణ నుంచి వచ్చిన మా చుట్టాలని ఎంతమందిని చూశానో, అందరూ మొదట ఎండ మాకు అలవాటే అన్నవాళ్లే. పదకొండు నుంచి నాలుగు దాకా బయట ఏమీ పెట్టుకోకు, ఆ మధ్యాహ్నం రుషికొండ ఇప్పుడే కొట్టేయ్. ఇసుక మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేరు ఆ టైంలో. సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచుకో, మజ్జిగ, కొబ్బరిబొండం తాగుతూ ఉండండి, మేలో తాటి ముంజెలు కూడా దొరుకుతాయి, పిల్లలకి అలవాటు చెయ్యి.

మూడోది సోమవారం. కురుసుర సబ్‌మెరైన్ సోమవారం మూసేస్తారు, జూకి కూడా అదే సెలవు. నీ సోమవారం ప్లానంతా గేట్ల దగ్గరే అయిపోతుంది. సబ్‌మెరైన్ మాత్రం వదలద్దు, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో నేవీ రిటైర్ చేసి మరుసటి ఏడాది ఇక్కడ మ్యూజియంగా పెట్టారు. లోపల మాజీ నేవీ వాళ్లే చూపిస్తారు, ఎక్కడ పడుకునేవారు ఎక్కడ వండుకునేవారు టార్పెడోలు ఎక్కడుండేవి అన్నీ చెప్తారు. దారి మాత్రం ఇరుకు, గుండ్రటి కంతల్లోంచి తల వంచి కాలెత్తి దూరాలి, అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ఎదురుగా టీయూ 142 విమానం ఉంది, అటు కూర్చోబెట్టు.

జాలారిపేట_కుర్రాడు:

అక్క చెప్పినవన్నీ కరెక్టే అన్నా. నేను సముద్రం గురించి ఒక్కటే చెప్తాను, ఇది మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించు.

మాది జాలారిపేట, చేపల వేట మా ఇంట్లో తాతల నాటి నుంచి ఉంది. కొత్తగా వచ్చినోళ్లు సముద్రాన్ని చెరువులాగ అనుకుంటారు, మోకాలి లోతే కదేటి అంటారు. ఇక్కడ ఒడ్డు ఏటవాలుగా ఉంటాది, నాలుగడుగులు వేసేసరికి లోతు వచ్చేస్తాది. కెరటం వచ్చినప్పుడు ఏటీ అవదు, వెనక్కి పోయినప్పుడే ఉంది. నువ్వు కదలకుండా నుంచో, నీళ్లు వెనక్కి లాగినప్పుడు మడమల కింద ఇసుక కరిగిపోయి కాలు గుంటలోకి దిగిపోతాది. అప్పుడు నువ్వు తూలుతావు, సరిగ్గా అప్పుడే రెండో కెరటం వచ్చి కొడతాది. పెద్దోళ్లే పడిపోతారు, ఐదేళ్ల పిల్లెంత.

ఇంకోటి చాలామందికి తెలీదు. కెరటాలు వరసగా విరుగుతుంటాయి కదా, మధ్యలో ఒకచోట విరగకుండా నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టు, కొంచెం రంగు మారి బురదగా కనబడతాది. కొత్తోళ్లు ఇక్కడైతే సేఫ్ అని పిల్లల్ని అక్కడే దింపుతారు. అది లోపలికి లాగే దారి. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి అక్కడినుంచే పోతాయి. దాన్లో పడితే ఎంత ఈతగాడైనా ఒడ్డుకి ఎదురు ఈదకూడదు, అలిసిపోయి మునిగిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి, ఆ లాగుడు దాటాక కెరటాల్తో పాటు వచ్చేయాలి. ఈత రానోళ్లు తేలుతూ చెయ్యెత్తి అరవాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే ఈత రాకుండా వెనకాల దూకొద్దు, అలాగే ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోతారు. తాడో, ఖాళీ క్యానో ఏదో ఒకటి విసరండి, లైఫ్‌గార్డుల్ని పిలవండి, 112కి కొట్టండి.

ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగొద్దు, కాళ్లు తడుపుకోండి చాలు. యారాడ చూడ్డానికి చాలా అందంగా ఉంటాది గానీ అక్కడ అసలే వద్దు. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం దగ్గర రాళ్ల మీద పాచి ఉంటాది, ఫొటో కోసం ఎక్కి జారిపోయినోళ్లు ఎంతమందో. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగొద్దన్నా, దండం పెడతాను.

ట్రైన్_బాబాయ్:

అరకు రైలు గురించి చెప్తాను. కిరండూల్ ప్యాసింజరు పొద్దున్న ఏడు లోపే బయల్దేరిపోతుంది. హైదరాబాద్ వైపు నుంచి రాత్రి రైలు టైముకి వస్తే అందుతుంది, అరగంట లేటయితే పోయింది, సమ్మర్ రష్‌లో ఆ రిస్కు వద్దు. ఒక రాత్రి ఊళ్లో పడుకుని మర్నాడు ఎక్కండి. అద్దాల పెట్టె విస్టాడోమ్ కావాలంటే రిజర్వేషన్ తెరిచిన రోజే చూసుకోవాలి, సెలవుల్లో ఉండవు. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు అనుకోండి, ఎందుకంటే తిరుగు రైలు వైజాగ్ చేరేసరికి రాత్రవుతుంది. అరకు అంటే ఘాట్ రోడ్డులో 110 కిలోమీటర్ల పైమాటే, బొర్రా గుహలు ఆ దారిలోనే, మెట్లు చాలా ఉంటాయి, లోపల తడి, కోతులు కూడా ఉంటాయి, చేతిలో తినేవి కనపడనివ్వకండి. మేలో వెళ్లి పొగమంచు కోసం చూస్తే మాత్రం దొరకదు, అది నవంబరు నుంచి జనవరి దాకా. పెద్దవాళ్లతో, ఐదేళ్ల పాపతో రెండున్నర రోజుల ట్రిప్పులో అరకు పెట్టాలా అంటే నేనైతే పెట్టను. చలికాలంలో దానికోసమే మళ్లీ రండి.

ఇంకో ముఖ్యమైనది, టికెట్ బుక్ చేసేటప్పుడు స్టేషన్ పేరు చూడండి. కొన్ని రైళ్లు వైజాగ్ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడలో ఆగి అటే వెళ్లిపోతాయి. అది స్టీల్ ప్లాంట్ వైపు, అర్ధరాత్రి దిగితే లగేజీతో, పిల్లలతో ఊళ్లోకి రావడం ఇబ్బంది. మీకు వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది, అది ఇక్కడే ఆఖరు, నిద్రలో దాటిపోతామన్న భయం లేదు. పగలు పోదామనుకుంటే వందే భారత్ కూడా వరంగల్‌లో ఆగుతుంది.

హన్మకొండ_వాసి:

అక్కా, తమ్మీ, బాబాయ్, మస్తు థాంక్స్. మా ఆమెకు, అమ్మకు చదివి వినిపిచ్చిన, అమ్మ అయితే పిల్లల్ని నీళ్ల దగ్గరికే పంపద్దంటున్నది. అరకు తీసేస్తున్న. కానీ పిల్లలు సముద్రమని ఎదురుచూస్తున్నరు, పూరగ తడవకుండ తీసుకొస్తె ఏడుస్తరు. రుషికొండల అన్న దింపొచ్చా? రూము ఎక్కడ తీసుకోవాలె? ఇంకొకటి, బాపుకు చేపలంటే పానం, అక్కడ చౌకగ దొరుకుతయి కదా?

జాలారిపేట_కుర్రాడు:

రుషికొండలో అయితే పర్లేదన్నా, 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రం, సేఫ్టీ చూసి ఇచ్చే గుర్తింపు, వచ్చిన బీచ్ అది, స్నానాలకి హద్దులు పెట్టి ఉంటాయి, లైఫ్‌గార్డులు ఉంటారు, బట్టలు మార్చుకోడానికి గదులున్నాయి. పొద్దున్నే వెళ్లు. హద్దు లోపలే, పిల్ల మోకాలి వరకే, ఎర్ర జెండా ఉంటే ఆ రోజు లేదు అంతే. వేళ్లు కాదు, మణికట్టు పట్టుకో, తడి వేళ్లు జారిపోతాయి. ఒక పిల్లకి ఒక పెద్దోళ్లు, ఆ టైంలో ఫోన్లు సంచిలో పడేయండి. ఆడోళ్లు చీరలు, చున్నీలతో దిగొద్దు, తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటాయి.

చేపల మాట చెప్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మర బోట్లకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే టైము. హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. అందుకని మేలో చేప తక్కువ, రేటెక్కువ, హోటళ్లలో చాలావరకు ఐస్‌లో పెట్టిందే. తెప్పల మీద వెళ్లినోళ్లు తెచ్చింది ఏదో కొంచెం దొరుకుతాది, పొద్దున్నే రేవు దగ్గరికొస్తే చూడొచ్చు. వంజరం, చందువ కడుపునిండా తినాలంటే నిషేధం అయ్యాక రండి.

భీమిలి_మాష్టారు:

అరకు తీసేశారు కాబట్టి ఆ పూట భీమిలి రోడ్డుకి ఇవ్వండి. ఊరికి ఇంత దగ్గర్లో ఇంత చూడదగ్గ దారి ఉన్నా కొత్తవాళ్లు రుషికొండ దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతారు, నాకు చాలా బాధ అనిపిస్తుంది. 900కె బస్సు ఉంది, పెద్దవాళ్లున్నారు కాబట్టి పూటకి కారు మాట్లాడుకోండి. తొట్లకొండ మీద బౌద్ధుల కాలం నాటి ఆరామం ఉంది, కొండ మీంచి సముద్రం చూస్తే మీ నాన్నగారు అక్కడినుంచి కదలరు. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. అవి వేల ఏళ్లపాటు గాలి, నీరు, సముద్రం కలిసి కట్టిన ఇసుక దిబ్బలు, జాతీయ భూవారసత్వ స్థలం. దయచేసి పిల్లల్ని అంచులెక్కి జారనివ్వకండి, ఎర్రమట్టి సీసాల్లో నింపుకుని తీసుకెళ్లకండి, ఒక వాన వస్తే ఆ అంచు మొత్తం కూలుతుంది. భీమిలిలో డచ్చివారి సమాధులు, గోస్తని సముద్రంలో కలిసే చోటు చూసి ఎండెక్కేలోపు వచ్చేయండి.

ఎంవీపీ_అక్క:

రూము రుషికొండలో వద్దు తమ్ముడూ. ఊళ్లోకి రావాలన్నా స్టేషన్‌కి పోవాలన్నా ప్రతిసారీ పది పదిహేను కిలోమీటర్లు, రాత్రి తిండికి కూడా వెతుక్కోవాలి. సిరిపురం, ఆర్కే బీచ్ చుట్టుపక్కల తీసుకుంటే పొద్దున్నే నాన్నగారిని నడిపించుకుని వెళ్లొచ్చు. బీచ్ వ్యూ అని రాసినచోట ఏ ఫ్లోరు, ఏ గది అని ఫోన్ చేసి అడుగు, మెట్ల కిటికీలోంచి కనపడినా వ్యూ అనే రాస్తారు.

సింహాచలం, యారాడ ఒకే రోజు పెట్టకు, రెండూ ఊరికి చెరో వైపు. యారాడకి హార్బర్ చుట్టూ తిరిగి, నేవీ ఏరియా మీదుగా కొండెక్కి వెళ్లాలి, దారిలో బోర్డులున్న చోట ఫోన్లు తియ్యకూడదు. పిల్లలతో నేనైతే యారాడ వదిలేస్తాను. సింహాచలానికి మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే వెళ్లండి. అప్పన్న నిజరూపం ఏడాదికి ఒక్క అక్షయ తృతీయ నాడే, మిగతా రోజులన్నీ చందనంలోనే ఉంటారు, అమ్మకి ముందే చెప్పు, అక్కడికెళ్లాక నిరాశ పడకుండా.

అంటే ఆదివారం దిగి రెస్టు, సాయంత్రం కైలాసగిరి. సోమవారం తెల్లారే ఆర్కే బీచ్‌లో పొద్దు చూసి, అటునుంచి అటే రుషికొండ, భీమిలి రోడ్డు. మంగళవారం పొద్దున్న సింహాచలం, నాలుగు దాటాక సబ్‌మెరైన్. జూ ఈసారికి వద్దు, మేలో జంతువులు కూడా నీడలోంచి బయటికి రావు. తిరుగు రైలు రాత్రి ఎన్నింటికో చెప్పు, సబ్‌మెరైన్ అయ్యాక తిండికి ఎక్కడ ఆగాలో రాస్తాను.

హన్మకొండ_వాసి:

రైలు ఇంక చెయ్యలే అక్కా, రేపు పొద్దుగాల్ల చేసి ఇక్కడనే పెడుత. బాపు ఇప్పటి సంది ఐదింటికి లేసుడు మొదలుపెడుతడట.