హైదరాబాద్ మారథాన్‌కు అనంతపురంలో ప్రాక్టీస్ ఎట్ల?

ప్రశ్న: అన్నా, ఆగస్టులో హైదరాబాద్ ఫుల్ మారథాన్, 42.195 కిలోమీటర్లు. అక్కడ దారంతా ఫ్లైఓవర్లే. కాళ్లు ఎట్ల అలవాటు చేయాల?

జవాబు 1: మన టవర్‌క్లాక్ ఫ్లైఓవర్ చాలు తమ్ముడూ. వారానికోసారి, తెల్లారి 5కే, 8 సార్లు ఎక్కిదిగు. ఎక్కేటప్పుడు అడుగు చిన్నగా వెయ్యి, వాచీ చూడొద్దు, ఊపిరి చూసుకో. అసలు కాళ్లు తినేది దిగుడే. కాలు ముందుకు చాపి మడమతో కొట్టినావంటే తొడ కండలు 30 కిలోమీటర్లు దాటినాక పట్టేస్తాయి.

జవాబు 2: తేమ సంగతి మరవద్దు. మన పొడిగాలికి చెమట ఇట్టే ఆరిపోతుంది. అక్కడ వానాకాలంలో ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే మొదటి 10 కిలోమీటర్లు నిదానంగా పో. ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలో కలుపుకో.

ప్రశ్న: కొత్త బూట్లు ఆ రోజుకే తీద్దామా?

జవాబు 1: వద్దు! బొబ్బలొస్తాయి. నెల ముందే తొడిగి లాంగ్ రన్‌లు చెయ్.