“మరణము తప్పదు” అన్నప్పుడు ఆ ‘ము’ ఎవరిది?

చెన్నైలో ఉంటున్న మనకు ఘంటసాల అనుకోకుండా ఎక్కడెక్కడ ఎదురవుతుంటారో చెప్పమని మన బృందంలో అడిగితే సభ్యుల్లో చాలామంది పాటల గురించే రాశారు. ఆటోలో విన్నది, టీకొట్టు రేడియోలో విన్నది, తెలుగు ఒక్క ముక్క రాని పెద్దాయన 1953 నాటి తమిళ దేవదాసు పాట కూనిరాగం తీస్తుండగా విన్నది. అన్నీ బాగున్నాయి. కానీ గాయకుడు పాటలో వినిపించడంలో ఆశ్చర్యం ఏముంది? పాట లేనిచోట, వట్టి మాటలో ఆయన దొరకడం గురించి నేను రాయదలచుకున్నాను.

పరామర్శకు వెళ్లినప్పుడు పెద్దవాళ్ల మాటలు జాగ్రత్తగా వినండి. కాసేపటికి ఎవరో ఒకరు “పుట్టినవానికి మరణము తప్పదు” అంటారు. అదే మనిషి మామూలుగా సాయంత్రం అంటాడు, ఉద్యోగం అంటాడు, వైద్యం అంటాడు. సాయంత్రము, ఉద్యోగము అనడు. ఈ ఒక్క వాక్యం దగ్గర మాత్రం నోట్లోకి ‘ము’ వచ్చి కూర్చుంటుంది. “పుట్టినవాడికి” కూడా “పుట్టినవానికి” అయిపోతుంది. ఇది ఆయన సొంత తెలుగు కాదు. భగవద్గీత రెండో అధ్యాయం 27వ శ్లోకం, “జాతస్య హి ధ్రువో మృత్యుః”, పాడిన వెంటనే ఘంటసాల తన రికార్డులో చెప్పిన తాత్పర్యం ఇది. చెబుతున్నవారికి ఆ సంగతి గుర్తుండకపోవచ్చు. శ్లోకం సంఖ్య అసలే తెలియకపోవచ్చు. ‘ము’ మాత్రం పోలేదు.

ఈ భావానికి మనకు సొంత సామెత లేకపోలేదు. “పుట్టినవాడు గిట్టక మానడు.” పుట్టి, గిట్టి అని ప్రాస కుదిరిన చక్కటి దేశి మాట. అయినా శవం లేచిన ఇంట్లో ఈ సామెత ఎవరైనా అనగా విన్నారా? నేను వినలేదు. ‘గిట్టడం’ ఇవాళ మన చెవికి మోటుగా తగులుతుంది. ఏడుస్తున్నవారి ముందు అనడానికి నోరు రాదు. ‘మరణము’ దూరం నుంచి వచ్చిన మాట, అందులో మర్యాద ఉంది. పైగా దాన్ని మొదట మనకు వినిపించిన గొంతు నెమ్మదిగా, ఎవరినీ మందలించకుండా చెప్పింది. సామెత ఖాళీ చేసిన చోటు రికార్డులోని వాక్యం నింపిందని నా నమ్మకం.

పెరంబూరులో మా పక్కింటి పెద్దమ్మగారిది మూడు నాలుగు తరాలుగా చెన్నైలోనే ఉంటున్న కుటుంబం. చదువంతా తమిళంలో సాగింది. తెలుగు అక్షరాలు రావు. ఇంట్లో మాట్లాడే తెలుగులో సగం తమిళ మాటలే. వాళ్ల మరిది పోయినప్పుడు తోడికోడలి చేయి పట్టుకుని ఈ వాక్యమే అన్నారు. “మరణము” దగ్గర చిన్నగా ఆగారు. “తప్పదు” దగ్గర గొంతు కిందికి దించారు. ఆ ఆగడం, ఆ దించడం రెండూ రికార్డులోవే. ఎక్కడ నేర్చుకున్నారని తర్వాత ఒకసారి అడిగితే, “నేర్చుకునేదేముందమ్మా, మా నాయన రోజూ పొద్దున్నే పెట్టేవాడు కదా” అన్నారు. లిపి లేకుండా, బడి లేకుండా ఒక గ్రాంథిక వాక్యం విరామాలతో సహా మనిషిలో నిలిచిపోయింది. నాకు ఇంతకంటే పెద్ద కచేరీ కనిపించలేదు.

మీ ఇళ్లలో ఇలాంటి మాటలు ఏమున్నాయో రాయండి.

*

సౌకార్‌పేట నుంచి ఒక సభ్యుడు:

మా అమ్మగారి ఊరు గుంటూరు వైపు. అక్కడ మైకులో ఘంటసాల గీత మొదలైతే చాలు, “ఎవరు పోయారు?” అని వీధిలోకి వస్తారు. “గీత పెట్టారు” అంటే ఆ ఇంట్లో మనిషి పోయినట్టే అర్థం. మా చెల్లెలి నిశ్చితార్థం రోజు ఉదయం నేను ఫోనులో గీత పెడితే మా మేనత్త పరుగున వచ్చి ఆపేసింది. ఇది కూడా మీరు చెబుతున్న లెక్కలోకి వస్తుందా అండీ?

జవాబు:

వస్తుందండీ. అయితే నాకు బాధ కలిగించే వాడుక ఇది. “గీత పెట్టారు” నిజంగానే ఒక జాతీయంగా మారిపోయింది, దాన్ని కాదనలేం. కానీ ఆ రికార్డు చావు కబురు చెప్పడానికి పుట్టలేదు. చతికిలబడిన యోధుణ్ణి లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలవి. “క్లైబ్యం మా స్మ గమః పార్థ” అని అదే రెండో అధ్యాయం మూడో శ్లోకంలో ఉంది, పిరికితనానికి లోబడవద్దని. ఘంటసాల తన చివరి రోజుల్లో, ఆరోగ్యం బాగాలేని కాలంలో పాడిన రికార్డు అది. 1974 ఫిబ్రవరి 11న ఆయన ఈ ఊళ్లోనే కన్నుమూశారు, యాభై ఒక్కేళ్లకే. వినేవారి మనసులో ఆ రికార్డు, ఆయన మరణం కలిసిపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. మీ మేనత్తగారిని తప్పుపట్టను. కానీ రేపు ఎవరి ఇంట్లోనైనా పిల్లలు పరీక్షకు వెళ్లే పొద్దున ఆ గీత పెడితే సంతోషిస్తాను.

*

పశ్చిమ మాంబళం నుంచి ఒక సభ్యురాలు:

మా ఇంట్లో గీత కాదు, ఇంటిపేరు తిరుగుతుంది. మా తమ్ముడు స్నానం చేస్తూ పాడితే నాన్నగారు “ఘంటసాలగారూ, నీళ్లు చాలు, బయటికి రండి” అనేవారు. బంధువుల్లో ఎవరికి కాస్త గొంతు ఉన్నా “మా ఊరి ఘంటసాల” అని పరిచయం చేస్తారు. పోయినేడు మా కార్యాలయంలో తమిళం మాట్లాడే ఒకావిడ, భర్త తెలుగువాడు, తన కొడుకు గురించి “వాడు పెద్ద ఘంటసాల” అని చెప్పింది. అత్తగారి దగ్గర పట్టుకున్న మాటట. ఆ గాయకుడి పాట ఒక్కటైనా విన్నావా అంటే లేదంది!

జవాబు:

అమ్మా, ఇది చాలా విలువైన ఉదాహరణ. పేరు మనిషి నుంచి విడిపోయి సామాన్య నామవాచకం అయిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. బహువచనం కూడా చేస్తాం కదా: “ఊరికి ఇద్దరు ఘంటసాలలు.”

ఇందులో ఇంకో విశేషం గమనించండి. సుశీల, లీల, జానకి, బాలు: వీళ్లందరినీ మనం సొంత పేర్లతో పిలుచుకుంటాం. వేంకటేశ్వరరావు అని మాత్రం ఎవరూ అనరు. ఇంటిపేరుతో పిలవడం మనం కవుల విషయంలో చేసే పని. పింగళి, సముద్రాల, దేవులపల్లి అంటాం. గాయకుల్లో ఆ గౌరవం ఈయనకు అంత గట్టిగా అతుక్కుంది. ఆయన ఉస్మాన్ రోడ్డులో ఉన్న రోజుల్లో సినిమా సంగీతం వాళ్లు “మాస్టారు” అనేవారు. బయట జనానికి మాత్రం ఘంటసాలే.

*

కోడంబాక్కం నుంచి ఒక సభ్యుడు:

ఒక పాత పాటల కచేరీకి తమిళంలో వేసిన గోడపత్రిక చూశాను. మన ఘ అక్షరం తమిళ లిపిలో లేదు కాబట్టి అక్కడున్నది ఉన్నట్టు చదివితే ‘కండసాలా’ అని వస్తోంది. నాకు మనసు చివుక్కుమంది. పేరు ఇలా చెడిపోవడం మీకు కష్టంగా లేదా?

జవాబు:

లేదండీ, ఎందుకో చెబుతాను. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. రాసినవారు గౌరవంగానే రాశారు. అంతకంటే పెద్ద సంగతి ఏమిటంటే, ఆ ‘క’ కొత్తది కాదు.

ఘంటసాల కృష్ణా జిల్లాలో ఒక ఊరు. గాయకుడు పుట్టింది అక్కడ కాదు, 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో. ఇంటిపేరు ఆ ఊరిది. ఆ ఊళ్లో బౌద్ధ స్తూపం ఉంది. నాగార్జునకొండలో దొరికిన మూడో శతాబ్దపు ప్రాకృత శాసనంలో బోధిశ్రీ అనే బౌద్ధ ఉపాసిక తన దానాలన్నీ చెప్పుకుంటూ, ‘కంటకసోల’ మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించానని రాయించింది. అంతకు ముందే, రెండో శతాబ్దంలో, గ్రీకు భూగోళవేత్త టాలెమీ కృష్ణా ముఖద్వారం వైపు ‘కంటకొస్సైల’ అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. ఆ రెండూ ఈ ఊరేనని పండితులు గుర్తించారు. కాబట్టి మీరు కోడంబాక్కం గోడ మీద చూసిన ‘క’కు పద్దెనిమిది వందల ఏళ్ల వంశం ఉంది. మీరు చివుక్కుమన్న చోట నాకు ఒళ్లు పులకరించింది.

*

అదే సభ్యుడు:

అయితే గంటలు మోగే శాల కాబట్టి ఘంటసాల అన్నది తప్పా? చిన్నప్పటి నుంచి అలాగే విన్నాను. పాడేవాడికి ఆ అర్థమే అందంగా ఉంది.

జవాబు:

అందంగా ఉందన్న మాట నిజం. కానీ ఊరి పేరు అలా పుట్టలేదు. కంటకసోల వాడుకలో అరిగి, అర్థం తెలియని మాట అయ్యాక, జనం తమకు తెలిసిన మాటలు అందులో చూసుకున్నారు. ముందు భాగంలో గంట వినిపించింది, వెనక శాల వినిపించింది. సంస్కృతం తెలిసినవారు గంటను ఘంట చేశారు. నోటితో అనేటప్పుడు మనలో చాలామంది ఇప్పటికీ ‘గంటసాల’ అనే అంటాం. రాసేటప్పుడే ఒత్తు పెడతాం. విడిగా మోగే గంటకూ, గడియారం గంటకూ మనం ఒత్తు పెట్టం. ఘంటానాదం, ఘంటారావం వంటి సమాసాల్లో తప్ప ఆ మాటకు ‘ఘ’ ఇవాళ మన చేతికి రాదు. ఆయన పేరు రాస్తున్నప్పుడు మాత్రం ఒత్తు మరచిపోయేవారు అరుదు. కాబట్టి పిల్లలకు అక్షరాలు నేర్పేటప్పుడు, ఘటము బొమ్మ చూసి ఏమీ అర్థంకాక దిక్కులు చూస్తుంటే, ‘ఘ’కు ఉదాహరణగా ఘంటసాల అని చెప్పండి. మా పిల్లలకు నేను అలాగే చెప్పాను.