సంక్రాంతి దాకా రసాల గుజ్జు ఫ్రీజర్‌లో దాచడం ఎలా? పోయినేడు నల్లబడిపోయింది

అడిగింది: రసాలపిచ్చి (కూకట్‌పల్లి), మే 26

నమస్కారమండి. మా పుట్టిల్లు నూజివీడు పక్కన. ఏటా ఈ రోజుల్లో మా తమ్ముడు రెండు పెట్టెల చిన్న రసాలు బస్సులో వేస్తాడు. గడ్డిలో మగ్గేసినవే, మందు పండ్లు కావు. ఇంట్లో ఉండేది మేమిద్దరం. ఈయనకి షుగరు, రోజుకి ఒక పండు అని లెక్క. నేను మేడ మీదకి వెళ్తే ఆ ఒకటి రెండవుతుంది, అది వేరే సంగతి.

మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది. పిల్లలకి పెద్ద సెలవులు అక్కడ డిసెంబర్, జనవరిలో కాబట్టి సంక్రాంతికే వస్తుంది. పెళ్లయి ఏడేళ్లయింది, ఈ ఏడేళ్లలో ఒక్క రసం పండు చీకలేదు. మనకి చలికాలమప్పుడు వాళ్లకి ఎండాకాలం, మామిడి పండ్లు కూడా అప్పుడే వస్తాయట. "కోసుకుని తినే పండమ్మా, పిసికి చీకేది కాదు" అంటుంది. పచ్చి పండ్లు ఆ దేశంలోకి పట్టుకెళ్లనివ్వరు కదా.

అందుకని పోయినేడు నలభై పండ్ల రసం తీసి మిక్సీలో ఒక తిప్పు తిప్పి, పెద్ద స్టీలు డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. మధ్యలో ఒకటి రెండుసార్లు మూత తీసి, కత్తితో పొడిచి, గరిటెడు తీసుకుని మళ్లీ పెట్టేశాను. భోగి నాడు తీస్తే కరగడానికే సాయంత్రమైంది. పైన రెండు వేళ్ల మందం చింతపండు పులుసు రంగు. కిందది పసుపే గానీ చప్పగా, ఫ్రిజ్ వాసన. పిల్ల ఏమీ అనలేదు, గ్లాసు సగం తాగి పక్కన పెట్టింది. అదే నాకు ఎక్కువ బాధ.

పెట్టెలు నిన్న వచ్చాయి. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. మందులు కలపడం మాత్రం నాకు ఇష్టం లేదు.

జవాబు: గుంటూరు పిన్ని

అక్కా, మీరు చేసిన తప్పులన్నీ నేనూ ఒక్కో ఏడాది ఒక్కోటి చేశాను. మొదటిది మిక్సీ. తిప్పినకొద్దీ గుజ్జులోకి గాలి పోతుంది. కోసిన పండు గాలి తగిలి నల్లబడినట్టే అదీ నల్లబడుతుంది. ఫ్రీజర్‌లో ఆ పని నెమ్మదిస్తుందంతే, ఆగదు. చేత్తో పిసికి జల్లెడలో రుద్దండి, పీచు కూడా పోతుంది.

ముచ్చిక తీశాక మొదట వచ్చే సొన చుక్కలు బయటికి పిండేయడం మర్చిపోకండి. పిసకకముందు ప్రతి పండూ వాసన చూడండి. పుల్లటి వాసన కొట్టే పండు ఒక్కటి పడితే మొత్తం గిన్నె పోయినట్టే.

రెండోది డబ్బా. ఒక పూటకి సరిపడా చిన్న జిప్ కవర్లలో పోసి, బల్ల మీద పడుకోబెట్టి అరచేత్తో గాలంతా బయటికి తోసి మూయండి. పళ్లెం మీద పలచగా పరిచి గడ్డకట్టించండి. గట్టిపడ్డాక పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు. పలచగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది. లీటరు గుజ్జుకి చెంచాడు నిమ్మరసం వేస్తే రంగు నిలుస్తుంది, పులుపు తెలియదు. కరిగిన కవర్ మళ్లీ లోపల పెట్టకండి. గాజు సీసాల జోలికి వెళ్తే మెడ దాకా పోయకండి, గడ్డకట్టినప్పుడు ఉబ్బి పగులుతుంది. నాకు రెండు పగిలాయి.

జవాబు: ఆత్రేయపురం కోడలు

ఫ్రీజర్ మాట వాళ్లు చెప్పారు, నేను తాండ్ర మాట చెప్తా. కరెంటుతో పని లేదు, అమ్మాయి పెట్టె సర్దుకునేటప్పుడు చూసి మురిసిపోవచ్చు కూడా (తినేవి అక్కడికి ఏవి తీసుకెళ్లనిస్తారో ముందు కనుక్కోండి).

మా వైపు ఎక్కువగా కొత్తపల్లి కొబ్బరి, కలెక్టర్ పండ్లతో పెడతారు, తాటాకు చాపల మీద పోస్తారు. ఇంట్లో అయితే నెయ్యి రాసిన స్టీలు పళ్లెం చాలు. రసాల గుజ్జు పలచన కాబట్టి ముందు పొయ్యి మీద కాస్త చిక్కబడనివ్వండి. లీటరుకి పావుకిలో బెల్లం, కరిగించి వడగట్టి కలపండి. మొదటి పొర దోసె కంటే పలచగా. వేలు పెడితే అంటుకోకుండా ఆరాకే రెండో పొర. అందరూ ఇక్కడే తొందరపడతారు. లోపల తడి ఉండగా పైన పోస్తే పైకి ఎండినట్టే ఉంటుంది, ఆషాఢంలో విప్పితే బూజు. మంచి ఎండలో రోజుకి రెండు పొరలు పడతాయి. మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, లేకపోతే చీమలు మీకంటే ముందు రుచి చూస్తాయి.

ఇప్పుడు రోహిణి కార్తె. మృగశిర వచ్చి మబ్బు పట్టిందంటే ఎండదు. ఈ వారమే మొదలెట్టండి.

జవాబు: ఫ్రిజ్ మెకానిక్

మేడమ్, మీది సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే అందులో ఐస్ కట్టినంత మాత్రాన సరిపోదు. ఏడెనిమిది నెలలు నిలవాలంటే మైనస్ 18 డిగ్రీలు నిలకడగా ఉండాలి. డబుల్ డోర్ అయితే మేలు. ఎండాకాలంలో ఒకేసారి పదిహేను కవర్లు తోసేస్తే లోపల వేడెక్కుతుంది, రోజుకి నాలుగైదు చొప్పున పెట్టండి.

ఊరెళ్లేటప్పుడు ఒక కప్పులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి లోపల ఉంచండి. వచ్చాక బిళ్ల అడుగున ఉంటే మధ్యలో కరెంటు పోయి అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అలాంటి గుజ్జు తాగకండి.

జవాబు: గుంటూరు పిన్ని

తాండ్రకి కాచడం సరే. ఫ్రీజర్‌కి మాత్రం కాచొద్దక్కా. మా వదిన కాచి పెడుతుంది, రంగు బ్రహ్మాండం, వాసన మాత్రం జామ్ సీసా మూత తీసినట్టుంటుంది. రసాలకి ఉండేదే ఆ పచ్చి వాసన.

రసాలపిచ్చి, జూన్ 3

అందరికీ థాంక్సండి. పద్నాలుగు కవర్లు అయ్యాయి, తేదీ వేసి నాలుగు రోజుల్లో పెట్టాను. రూపాయి బిళ్ల దొరక్క రెండు రూపాయలది పెట్టాను. తాండ్ర ఐదు పొరలు పడింది, ఆరో పొర రోజు ఉడుత పళ్లెం మధ్యలో నుంచి నడిచి వెళ్లింది. కాలిముద్రలు కోసేశాను, మిగతాది ఎండుతోంది.

అన్ని పండ్లు పిసికాక టెంకలకి బోలెడు గుజ్జు మిగిలింది. పారేయబుద్ధి కాలేదు. లెక్క పక్కన పెట్టి ఈయనా నేనూ పెరటి మెట్ల మీద కూర్చుని చీకేశాం.