జపాన్ ట్రిప్పుకి బియ్యం, ఆవకాయ మోసుకెళ్ళాలా? మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి

రేపల్లె ప్యాసింజర్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఏప్రిల్ మొదటి వారంలో జపాన్ వెళ్తున్నాం. తొమ్మిది రోజులు, టోక్యో, క్యోటో, హిరోషిమా. నేను, మా ఆవిడ, పదేళ్ళ బాబు, అమ్మ. ఆరేళ్ళు చీటీ కట్టి, పాడిన డబ్బు ముట్టుకోకుండా దాస్తే ఇప్పటికి కుదిరింది.

అమ్మకి 69 ఏళ్ళు. గుడ్డు కూడా ముట్టదు. ఆవిడ లిస్టు ఇది: మూడు కిలోల సోనామసూరి, కందిపొడి, చారుపొడి, చింతపండు, ఆవకాయ, చిన్న కరెంటు కుక్కర్. మా ఆవిడేమో, "ఇన్ని లక్షలు పోసి అక్కడికెళ్ళి కూడా పప్పన్నమేనా? అయితే ఇక్కడే ఉందాం, ఆ డబ్బుతో వంటింటికి చిమ్నీ పెట్టించుకుందాం" అంటోంది. సూట్‌కేసు హాల్లో తెరిచి ఉంది. పొద్దున అమ్మ కుక్కర్ పెడుతుంది, సాయంత్రానికి అది మళ్ళీ అటక మీద ఉంటుంది. ఎవరు తీస్తున్నారో నేను చూడలేదని అనుకుంటున్నారు.

ఎవరిది రైటు? మొహమాటం లేకుండా చెప్పండి.

కిటికీ సీటు

మీ ఆవిడదే రైటు, ఇందులో చర్చ ఏముంది? ఊరు చూడడమంటే ఆ ఊరి అన్నం తినడం. నేను ఒసాకాలో మొదటి రోజు రాత్రి పదకొండింటికి దిగాను. వీధి చివర చిన్న కొట్టు, అందులో త్రికోణం ఆకారంలో అన్నం ముద్దలు. ఒనిగిరి అంటారు. దాని ప్లాస్టిక్ కవరు మీద 1, 2, 3 అని అంకెలుంటాయి, ఆ వరసలోనే చింపాలి. అలా చింపితేనే అన్నానికి తగలకుండా లోపల విడిగా పెట్టిన సముద్రపు నాచు ఆకు వచ్చి చుట్టుకుంటుంది, కరకరలాడుతూ. నాకు తెలియక అడ్డంగా చింపేశాను. ఆకంతా ముక్కలై ప్యాంటు మీద పడింది. పక్కనున్న పెద్దాయన తన ముద్ద తీసి, ఎలా చింపాలో మాట్లాడకుండా చేసి చూపించాడు. మీరు గదిలో కుక్కర్ ముందు కూర్చుంటే ఆయన మీకు దొరకడు.

స్టీలుప్లాంటు రిటైర్డ్

ఎవరు రైటన్నది మీ ఇంటి గొడవ, నేను తలదూర్చను. కుక్కర్ సంగతి మాత్రం చెప్తాను. మన కరెంటు 230 వోల్టులు, జపాన్‌లో 100. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మీది 700 వాట్ల కుక్కర్ అనుకుంటే, అక్కడ 132 వాట్లకి పడిపోతుంది. అంటే ఐదో వంతు కూడా లేదు. బియ్యం నానతాయి, ఉడకవు. అడాప్టర్ కొంటే సరిపోతుందని కొట్టువాడు చెప్తాడు. అది పిన్ను మారుస్తుంది తప్ప వోల్టేజీ పెంచదు.

ఇంకో మాట. ఆటోమేటిక్ కరెంటు కుక్కర్‌ని 1955లో మొదట అమ్మకానికి పెట్టిందే జపాన్ కంపెనీ, తోషిబా. కోనసీమకి కొబ్బరికాయలు మోయడం అంటే ఇదే.

ఉప్పూకారం

«ఊరు చూడడమంటే ఆ ఊరి అన్నం తినడం» అని డైలాగు కొట్టడం తేలికే కిటికీ సీటు గారూ. మీరు చేప తింటారు. శాకాహారికి జపాన్ అంత సులువు కాదు. అక్కడి వంటకి మూలం దాషి అనే కట్టు. ఎండబెట్టిన చేపని రంపప్పొట్టులా చెక్కి, నీళ్ళలో వేసి వడకడతారు. కూరగాయల నూడుల్సు అంటారు, కిందున్న నీళ్ళు చేపవే. మీసో సూపూ అంతే. కంటికి కనపడదు, ఆ చిక్కే అది.

అయినా మన తిండి మోసుకెళ్ళడం కొత్తగా పుట్టిన చాదస్తమేం కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు పరివారాన్ని వెంటబెట్టుకునే వెళ్ళారు. ఏ మజిలీలో ఏ సరుకులు దొరుకుతాయో రాసుకుంటూ మరీ వెళ్ళారు. ఆయనకంటే గొప్ప యాత్రికులా మనం? నాలుగో రోజుకి నోరు చవి చచ్చి, చారు కోసం ప్రాణం లాగుతుంది. అప్పుడు గుడీ కనపడదు, గోపురమూ కనపడదు. అమ్మగారు పెట్టినవన్నీ పెట్టుకోండి.

కిటికీ సీటు

ఆయన వెళ్ళింది పదిహేను నెలలు సార్. వీళ్ళు తొమ్మిది రోజులు.

డాలస్ వంటిల్లు

తెచ్చుకోవడం, తెచ్చుకోకపోవడం మన ఇష్టం అనుకుంటున్నారు అందరూ. సరిహద్దు దగ్గర మన ఇష్టం ఏమీ ఉండదు. మా అమ్మ ఇక్కడికి, అమెరికాకి వచ్చినప్పుడు చీర మడతల్లో పెట్టి కరివేపాకు తెచ్చింది, పెరట్లో చెట్టుది. ఎయిర్‌పోర్టులో తీసి పక్కన పడేశారు. కరివేపాకు మీద బతికే చిన్న పురుగు నారింజ, నిమ్మ చెట్లకి తెగులు అంటిస్తుంది. అందుకని పచ్చి ఆకు రానివ్వరు. అమ్మకి ఆ కారణం చెప్పినా ఎక్కలేదు. "మన చెట్టుకి పురుగు లేదే" అని వారం రోజులు అదే మాట.

జపాన్ ఇంకా గట్టి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అస్సలు కుదరదు. బియ్యం, పప్పుల్లాంటివి కూడా మొక్కల క్వారంటైన్ కిందకి వస్తాయి, సరుకులో పురుగూ తెగులూ లేవని మన ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అడుగుతారు. మూడు కిలోల సోనామసూరి కోసం ఆ కాగితం చుట్టూ తిరుగుతారా? పచ్చళ్ళూ పొడులూ కూడా దాచకుండా ముందే చెప్పి చూపించండి. ఆవకాయ చేతిసంచిలో పెట్టకండి, నూనె ఉంటే మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. ఎండుకొబ్బరి చెక్కలైతే అసలే వద్దు, విమానాల లెక్కలో అది తనంతట తాను అంటుకునే సరుకు.

వరంగల్ పిల్ల

అన్నా, అందరు బియ్యం గురించే మాట్లాడుతున్రు. నాకొక్కటే డౌటు. ఆ అన్నం ఎవరు వండుతరు?

మేం పోయినేడు బ్యాంకాక్ పోయినం. అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, పిల్లలు. ఇసొంటి లిస్టే. ఇండక్షన్ స్టవ్ గుడ తీస్కపోయినం. పొద్దుగాల ఆరింటికి లేశి ఆరుగురికి ఉప్మా చేసిన. పోపుల పొగ లేస్తే అలారం మోగుతదని కిటికీ తెరిచి, మా ఆయన తువ్వాల పట్టుకోని ఊపుకుంట నిలబడ్డడు. గిన్నెలు బాత్రూం సింకుల కడిగిన. మెతుకులు జాలీల ఇరుకుతే చెంచాతోని ఒక్కొక్కటి తీసిన. అందరు తయారై వాట్ అరుణ్ చూస్తందుకు పోయిన్రు. నేను పప్పు ఉడికినంక వస్త అన్న. ఆ గుడిని నేను ఫోటోలల్ల చూసిన.

అత్తమ్మ చెడ్డదని చెప్తలేను, ఆమె నన్ను చెయ్యమని అనలేదు. ఎవ్వరు అనలేదు. అట్లనే అయిపోయింది.

ఉప్పూకారం సార్, వీరాస్వామయ్య గారి ఎంబడి పరివారం ఉండె అన్నరు గద. నేను ఆ పరివారమన్నట్టు.

ఉప్పూకారం

అమ్మా, నేను ఆ కోణంలో ఆలోచించలేదు. నిజమే. మా ఇంట్లో కూడా ట్రిప్పులంటే నేను చారు కావాలని అడిగేవాణ్ణే, పెట్టేవాణ్ణి కాదు.

కానీ ఒక్క మాట. వండొద్దు సరే, ఆవకాయ సీసా ఏం పాపం చేసింది? దాన్ని ఎవరూ వండక్కర్లేదు కదా.

వరంగల్ పిల్ల

ఆవకాయ తెచ్చుకోండ్రి సార్, ఎవరొద్దన్నరు. కెటిల్‌ల మాత్రం చారు కాయొద్దు. ఆ తర్వాత వచ్చేటోళ్ళు గండ్లనే చాయ నీళ్ళు కాసుకుంటరు. నేను ఒక హోటల్ల దిగితే కెటిల్ల కెల్లి ఇంగువ వాసనొచ్చింది. మనోళ్ళే.

రేపల్లె ప్యాసింజర్

ఈ చర్చంతా నిన్న రాత్రి అమ్మకి చదివి వినిపించాను. మా ఆవిడ కూడా అక్కడే ఉంది. కుక్కర్ లెక్క విని అమ్మ "పోనీలే, తీసెయ్" అంది. బియ్యం కూడా తీసేసింది. వరంగల్ చెల్లెమ్మ రాసింది చదివినప్పుడు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి అమ్మ నాతో అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నా.

"ఆవకాయ లేకపోతే చచ్చిపోతానా? హరిద్వార్ వెళ్ళినప్పుడు బస్సువాళ్ళు దారిలో ఒక హోటల్ దగ్గర దించారు, గుర్తుందా? అందరూ తింటున్నారు. ఏది మాంసమో ఏది కాదో అడగడానికి నాకు హిందీ రాదు. బిస్కెట్లు తిని బస్సెక్కాను. మీకు చెప్తే మీ తిండి మానేస్తారని చెప్పలేదు. అక్కడ భాష అసలే రాదు కదా, ఎవర్ని అడగను?"

ఆ రోజు నేను పక్క బల్ల దగ్గరే కూర్చుని తింటున్నాను.

ఇప్పుడు ప్రశ్న మారింది. అమ్మ తనంతట తాను అడిగి తినడానికి ఏం చెయ్యాలి?

కిటికీ సీటు

ఈ ముక్క ముందే చెప్పి ఉంటే నేను అంత ఎగిరేవాణ్ణి కాదు. నాకు తెలిసినవి చెప్తాను.

ఒక అట్టముక్క మీద జపనీసులో రాయించుకోండి: మాంసం, చేప, గుడ్డు తినను, చేపతో చేసిన దాషి కూడా వద్దు. «శాకాహారి» అని ఒక్క మాట రాస్తే లాభం లేదు, దాషి వాళ్ళ లెక్కలోకి రాదు. ఆ అట్ట మీ జేబులో కాదు, అమ్మగారి చేతిసంచిలో ఉండాలి.

క్యోటోలో షోజిన్ ర్యోరి అడగండి. బౌద్ధ సన్యాసుల భోజనం. దాషిని నాచుతో, పుట్టగొడుగులతో కాస్తారు. ఖరీదు ఎక్కువే, ఒక పూటకి పెట్టుకోండి. టోక్యోలో నిషి-కసాయ్ అనే పేట ఉంది, మనవాళ్ళు బాగా ఉంటారు, పప్పులమ్మే కొట్లున్నాయి.

ఒనిగిరిలో ఉమెబోషి పెట్టింది దొరుకుతుంది. పుల్లటి ఉమె కాయల్ని ఉప్పులో ఊరేసి, ఊట దిగాక తీసి ఎండలో పెడతారు. తెల్లన్నం మధ్యలో ఎర్రగా ఒక్క కాయ. కొన్నిటిలో చేప పొడి కలుపుతారు, అట్ట చూపించి అడిగి కొనాలి.

స్టీలుప్లాంటు రిటైర్డ్

పెరుగు అక్కడ కొట్లలో దొరుకుతుంది. తియ్యగా లేనిది చూసి కొనండి. కొట్టులో వండిన అన్నం ప్యాకెట్లు ఉంటాయి. పెరుగన్నం, ఆవకాయ. కరెంటుతో పనిలేదు.

రేపల్లె ప్యాసింజర్

అట్ట మీద రాయించడం మా ఆవిడ చూసుకుంటానంది. అమ్మ పర్సులో పట్టే సైజులో రెండు, ఒకటి పోతే ఇంకొకటి. మా బాబు దాని వెనక తెలుగులో కూడా రాస్తానంటున్నాడు, ఎందుకో వాడికే తెలియాలి. ఆవకాయ పావుకిలో సీసా ఒక్కటి, రెండు కవర్లు చుట్టి పెద్దపెట్టెలో పెట్టాం. అటక మీది కుక్కర్ అటక మీదే ఉంది.

ఉమెబోషి ఎలా చేస్తారో చదివి వినిపిస్తే అమ్మ మధ్యలోనే ఆపింది.

"ఉప్పులో ఊరేసి, ఊట తీసి ఎండబెడతారా? మాగాయేగా అది. కారం, నూనె వెయ్యడం మర్చిపోయారు, పాపం."